యూరప్ ఇళ్లలోకి కుర్చీ ఎప్పుడొచ్చింది? ఇంటికి ఒక్కటే, అదీ పెద్దాయనకే

మీ ప్రశ్న ఇది: "యూరప్ వాళ్లు మొదట్నుంచీ కుర్చీల్లోనే కూర్చునేవారా? మనలా నేల మీద, పీటల మీద కూర్చున్న రోజులు వాళ్లకు లేవా? మామూలు ఇళ్లలోకి కుర్చీ ఎప్పుడొచ్చింది?" కోటలూ రాజులూ ఉన్న ఒక ఇంగ్లిష్ సీరియల్లో విందుకు వచ్చిన వందమందీ వందకుర్చీల్లో కూర్చుని ఉండటం చూసి ఈ డౌట్ వచ్చిందని రాశారు.

ఆ సీరియల్ సంగతి వదిలేయండి. ఆ కాలంలో నిజంగా అలాంటి విందు జరిగితే హాలు మొత్తానికి కుర్చీ ఒకటో రెండో. మిగతా అందరూ పొడవాటి బల్లల మీద భుజాలు రాసుకుంటూ కూర్చునేవాళ్లు. నేను పాత ఫర్నిచర్ బాగుచేసే పనిలో పాతికేళ్లుగా ఉన్నాను, అందులో ఎనిమిదేళ్లు ఇంగ్లండులో. వర్క్‌షాపుకు నిజంగా 1600కు ముందుదైన కుర్చీ వచ్చిందంటే ఆ రోజు పండగే. స్టూళ్లు, బల్లలు, పెట్టెలు కాస్త తరచుగానే వచ్చేవి. అప్పట్లో చేసిన కుర్చీలే తక్కువ, ఇంక మిగిలేవెన్ని?

కుర్చీ చెయ్యడం తెలియక కాదు. రొమేనియాలో పొదూరి అనే చోట తవ్వకాల్లో 21 మట్టి బొమ్మలు, వాటికోసం చేసిన 13 బుల్లి మట్టి కుర్చీలు బయటపడ్డాయి. ఆరున్నర వేల ఏళ్లకు పైబడినవి. గ్రీకులైతే మూడు నాలుగు వందల ఏళ్ల క్రితం యూరప్ చేసిన బండ కుర్చీలు సిగ్గుపడేంత అందమైనది ఒకటి చేశారు. దాన్ని క్లిస్మోస్ అంటారు. అసలు కుర్చీ ఒక్కటి కూడా మిగల్లేదు, కుండల మీది బొమ్మల్లో, సమాధి రాళ్ల మీద మాత్రమే కనిపిస్తుంది. ఏథెన్స్ మ్యూజియంలో హెగెసో అనే ఆవిడ సమాధి రాయి ఉంది, క్రీ.పూ. 400 ప్రాంతానిది. ఆవిడ కూర్చుని, ఎదుట నిలబడ్డ పనిపిల్ల పట్టుకున్న పెట్టెలోంచి నగ తీసుకుంటూ ఉంటుంది. ఆ కుర్చీ కాళ్లు కత్తిలా బయటికి వంగి ఉంటాయి, వీపు ఆన్చే పలక భుజాల చుట్టూ ఒంపు తిరిగి ఉంటుంది. ఆ కూర్చున్న తీరులో ఎంత హాయి ఉందో రాతిలో కూడా తెలుస్తుంది.

తర్వాత రోమన్లు. డబ్బున్న రోమన్లు విందుకు కూర్చోరు, పడుకుంటారు. మూడు మంచాలు మూడు వైపులా వేసి, ఎడమ మోచేతి మీద ఒరిగి తినడం గొప్ప. వీపున్న కుర్చీని కథెద్రా అనేవాళ్లు. అది ఎక్కువగా ఆడవాళ్లదీ, పాఠం చెప్పే పంతులుదీ. ఆ పంతులు కుర్చీయే క్రైస్తవ బిషప్పులకు వెళ్లింది. బిషప్ కూర్చునే కథెద్రా ఉన్న చర్చి కాబట్టి అది కేథడ్రల్ అయింది. ఇంగ్లిష్ వాళ్ల చెయిర్, ఫ్రెంచి వాళ్ల షేజ్, రెండూ ఆ మాటే అరిగి అరిగి అలా మిగిలినవి. యూనివర్సిటీలో ప్రొఫెసర్ పదవిని ఇప్పటికీ చెయిర్ అనే అంటారు కదా. అంటే రోమ్ పడిపోయాక కుర్చీ ఇళ్లలోంచి వెళ్లిపోయి అధికారం దగ్గర చేరిపోయింది. జర్మనీలోని ఆఖెన్‌లో, క్రీ.శ. 800 ప్రాంతపు చక్రవర్తి షార్లమేన్ సింహాసనం నాలుగు పాలరాతి పలకలు నిలబెట్టినట్టు ఉంటుంది. హాయికీ దానికీ సంబంధమే లేదు. లండన్‌లో రాజుల పట్టాభిషేకం జరిగే ఓక్ కుర్చీని మొదటి ఎడ్వర్డ్ 1300 ప్రాంతంలో చేయించాడు. అది కూడా కూర్చోడానికన్నా, స్కాట్లండు నుంచి 1296లో ఎత్తుకొచ్చిన రాయిని సీటు కింద పెట్టి చూపించడానికి. తర్వాత శతాబ్దాల్లో పక్క స్కూలు పిల్లలు దాని మీద పేర్లు చెక్కారు. ఒకడైతే 1800 జూలైలో ఒక రాత్రి ఇందులో నిద్రపోయానని కూడా చెక్కిపోయాడు. రాజ్యంలోకెల్లా పవిత్రమైన కుర్చీకి ఆ గతి!

ఇక ఇళ్ల సంగతికి వద్దాం. మధ్యయుగాల్లో ఉన్నవాడి ఇల్లంటే ఒక పెద్ద హాలు. తిండి, పంచాయితీ, పనివాళ్ల పడక, అన్నీ అందులోనే. భోజనం వేళకు గుర్రం కాళ్లలాంటి స్టాండ్ల మీద పలకలు పరిచేవాళ్లు, అయిపోగానే తీసి గోడకు ఆనించేవాళ్లు. ఆ పలకే బోర్డు. హాలు పై చివర, చుట్టూ ఉన్నవాళ్లంతా బల్లల మీద ఉండగా, కుర్చీ మీద కూర్చున్నవాడు ఒక్కడే. బోర్డు మీటింగు, దానికో చెయిర్మన్ అని మనం ఇప్పుడు అలవోకగా అనేస్తున్న మాటల వెనక ఉన్నది ఈ బొమ్మే. ఇటలీలో డబ్బు మార్చేవాళ్లు వేసుకుని కూర్చున్న బల్ల బాంకో, మన బ్యాంకు అక్కడిదే.

ఇంకో కారణం కూడా ఉంది, నాకైతే ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ఆ దొరలు ఒక చోట ఉండేవాళ్లు కాదు. ఒక ఎస్టేటులో పండింది తినేసి ఇంకో ఎస్టేటుకు మకాం మార్చేవాళ్లు, తివాచీలూ మంచం తెరలూ వెండి గిన్నెలూ బళ్లకెత్తి. అందుకే ఫ్రెంచిలో ఫర్నిచర్‌ని మ్యూబ్ల్ అంటారు, జర్మన్‌లో మ్యోబెల్, ఇటాలియన్‌లో మోబిలి. అన్నిటికీ అర్థం కదిలేది, చరాస్తి అని. బండికెక్కని కుర్చీ ఎవడికి కావాలి? అందుకే మడత కుర్చీకి అంత విలువ. పాత జర్మనిక్ భాషల్లో మడిచే పీట అనే మాటే ఫ్రెంచిలో ఫోత్యుయ్ అయింది. ఇప్పుడు దాని అర్థం దర్జాగా చేతులున్న మెత్తటి కుర్చీ, మడవడం అన్న సంగతే పోయింది.

పేదవాడి ఇంట్లో మూడు కాళ్ల స్టూలు, బల్ల, పెట్టె. అంతే. మూడు కాళ్లే ఎందుకంటే మట్టి నేల ఎగుడుదిగుడు. నాలుగు కాళ్లది ఊగుతుంది, మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా కుదురుగా నిలుస్తుంది. ఆ స్టూలు ఎత్తు కూడా తక్కువ. గది మధ్యలో పొయ్యి, పొగ పోయే దారి కప్పులో కన్నం. పొగ పైన పట్టేస్తుంది, కింద కాస్త గాలి ఆడుతుంది. ఎత్తు కుర్చీలో కూర్చుంటే కళ్లు మండిపోతాయి. ఐర్లండు పల్లెల్లో 19వ శతాబ్దం దాకా కూడా మన పీటల్లాంటి పొట్టి స్టూళ్లు వాడింది ఇందుకే. మా అమ్మమ్మ కట్టెల పొయ్యి దగ్గర ఎప్పుడూ పీట మీదే కూర్చునేది. నిలబడి వంట చేస్తే పొగకు తట్టుకోలేం అనేది. ఐర్లండు స్టూళ్ల గురించి మొదటిసారి చదివినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది.

ఇప్పుడు నేల సంగతి. న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియంలో ఒక మూడు పలకల బొమ్మ ఉంది. 1430 ప్రాంతంలో నెదర్లాండ్స్ వైపు, రాబర్ట్ కాంపిన్ అనే చిత్రకారుడి దగ్గర పనిచేసినవాళ్లు వేసింది. మధ్య పలకలో మేరీమాత చదువుకుంటూ ఉంటుంది. ఆవిడ వెనక, పొయ్యి ముందు, చక్కటి చెక్కడపు బల్ల ఉంది. ఆవిడ మాత్రం దాని మీద కూర్చోలేదు, కిందనే కూర్చుని దానికి ఆనుకుంది! వినయం చూపించడానికి అలా వేశారనుకోండి. కానీ అలా కూర్చోవడం చూసేవాళ్లకు వింతగా ఉండేదైతే వేసేవాళ్లు కాదు. ఆ బల్ల కూడా గమనించండి. వీపు ఆన్చే కమ్మీ అటూ ఇటూ తిరుగుతుంది. చలికాలం పొయ్యి వైపు తిరిగి కూర్చోవచ్చు, కమ్మీని అటు తిప్పేస్తే గది వైపు తిరిగి కూర్చోవచ్చు. మన రైలు బోగీల్లో ఒకప్పుడు అలాంటి సీట్లు ఉంటే ఎంత బాగుండేదో.

నేల మీద కూర్చోవడం గురించి అసలైన ఉదాహరణ స్పెయిన్. అక్కడ అరబ్బుల పాలన వందల ఏళ్లు సాగింది కదా, వాళ్లు పోయాక కూడా అలవాటు పోలేదు. పెద్దింటి ఆడవాళ్ల గదిలో ఎస్త్రాదో అని ఒక తక్కువ ఎత్తు అరుగు ఉండేది. దాని మీద తివాచీ, దిండ్లు. ఆడవాళ్లు దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని కుట్టుపని చేసేవాళ్లు, అతిథుల్ని కూర్చోబెట్టేవాళ్లు. మగవాళ్లు కుర్చీల్లో. 17వ శతాబ్దంలో కూడా ఇది మామూలు సంగతి. ఫ్రాన్సు నుంచి బూర్బన్ వంశపు రాజులు వచ్చి ఫ్రెంచి ఫ్యాషన్లు తెచ్చాక 18వ శతాబ్దంలో మెల్లగా తగ్గిపోయింది. కాబట్టి వాళ్లకు నేల మీద కూర్చున్న రోజులు లేవా అన్న మీ ప్రశ్నకు జవాబు: కూర్చున్నారు, అంత పాత కాలంలో కూడా కాదు.

పల్లెలో కుర్చీ ఎలా ఉండేదో చూడాలంటే వియన్నాలో ఉన్న బ్రూగెల్ బొమ్మ, పల్లెటూరి పెళ్లి భోజనం, 1567 నాటిది, దగ్గరగా చూడండి. పెళ్లి ఒక ధాన్యం కొట్టంలో. ఇద్దరు మనుషులు ఊడదీసిన తలుపు మీద గిన్నెలు పెట్టుకుని మోసుకొస్తున్నారు. జనమంతా పలకలు కొట్టి చేసిన బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నారు. పెళ్లికూతురి వెనక గోడకు ఒక గుడ్డ, పైన కాగితం కిరీటం. ఆమె కూడా బల్ల మీదే! ఆమెకు కొంచెం పక్కన, ఎత్తైన వీపున్న కుర్చీలో ఒక ముసలాయన. దస్తావేజులు రాసే నోటరీ అని కొందరంటారు. ఎవరైనా కానీ, అందరిలోకీ లెక్కలోకి తీసుకోవలసిన మనిషి ఆయనేనని కుర్చీ చెప్పేస్తుంది. మన పల్లెల్లో కరణంగారో మునసబుగారో వస్తే ఇంట్లోంచి ఒక్క కుర్చీ తెచ్చి అరుగు మీద వేసిన రోజుల్ని చూసినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఈ హోదా పిచ్చి పరాకాష్ఠకు చేరింది ఫ్రాన్సు రాజుల వెర్సాయ్ భవనంలో. 14వ లూయీ ఎదుట చేతుల కుర్చీ అతనిదీ రాణిదీ. డచెస్‌లకు చేతులూ వీపూ లేని చిన్న మెత్తటి స్టూలు, దాని పేరు తాబురె. అది కూడా దక్కనివాళ్లు గంటల తరబడి నిలబడాల్సిందే. ఆ స్టూలు మీద కూర్చునే హక్కు కోసం కుటుంబాలు ఏళ్ల తరబడి పైరవీలు చేశాయి. చేతులుంటే ఒక మెట్టు, వీపుంటే ఒక మెట్టు, ఏదీ లేకపోతే అట్టడుగు. ఇంగ్లండులో కూడా 1600 ప్రాంతంలో కుర్చీ అంటే చేతులున్నదే. చేతుల్లేకుండా వీపు మాత్రం ఉన్నదాన్ని వీపు స్టూలు అనేవాళ్లు, కుర్చీ అని కూడా ఒప్పుకోలేదన్నమాట.

మరి మామూలు ఇళ్లకు ఎలా వచ్చింది? నన్నడిగితే మొదటి కారణం వడ్రంగం కాదు, పొగగొట్టం. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో పాదిరీగా ఉన్న విలియం హారిసన్ 1577లో రాసిన దాంట్లో, ఊళ్లో ముసలివాళ్లు తమ కాలంలో మారిపోయిన మూడు సంగతుల్ని చెప్పుకునేవారని ఉంది. అందులో మొదటిది పొగగొట్టాలు. వాళ్ల చిన్నప్పుడు చాలా ఊళ్లలో రెండో మూడో ఉంటే గొప్ప, ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. పొయ్యి గోడలోకి పోయింది, పొగ బయటికి పోయింది. హాలు పైన అంతస్తు వేసుకున్నారు. ఒక్క హాలు నాలుగు గదులైంది. ఎవరి గది వాళ్లకొచ్చాక, ఒక చోట ఉండిపోయే సామానుకు అర్థం వచ్చింది.

రెండోది, చేసేవాళ్లు. ఇందులో రెండు వేర్వేరు కులవృత్తుల్లాంటివి ఉన్నాయి. చెక్క ఫ్రేములు అతికి, పలకలు బిగించే జాయినర్లు. తరిణె (లేత్) పట్టే టర్నర్లు. లండన్‌లో జాయినర్ల సంఘానికి 1571లో, టర్నర్ల సంఘానికి 1604లో రాచ చార్టర్లు, అంటే అధికారిక గుర్తింపు పత్రాలు, వచ్చాయి. నువ్వు నా పని చేస్తున్నావంటే నువ్వు నా పని చేస్తున్నావని వడ్రంగులతో కలిపి ఈ సంఘాల మధ్య గొడవలు ఎప్పుడూ ఉండేవే. జాయినర్ చేసిన ఓక్ కుర్చీ చిన్నపాటి గోడలా ఉంటుంది. చెక్కిన వీపు పలక, చుట్టూ ఫ్రేము. బెజ్జంలో మొన దూర్చి, ఆ రెంటికీ అడ్డంగా కొయ్య మేకు కొడతారు. ఇక్కడొక చమత్కారం ఉంది. మొనలోని కన్నాన్ని బెజ్జం కన్నానికి సరిగ్గా ఎదురుగా వెయ్యరు, కావాలని ఒక పిసరు మొన మొదలు వైపుకు జరిపి వేస్తారు. మేకు దిగుతుంటే మొనను లోపలికి లాక్కుంటుంది. జిగురు లేకుండా 400 ఏళ్లు బిగుతుగా ఉంటుంది. అలాంటిది ఊడదీయాల్సి వచ్చినప్పుడు చేసినవాడిని మనసులో తిట్టుకోకుండా ఉండలేం.

కానీ పేదవాడి ఇంటికి వెళ్లింది ఇది కాదు, టర్నర్ కుర్చీ. అప్పుడే కొట్టిన పచ్చి కర్రను చీల్చి, తరిణె మీద గుండ్రంగా చేస్తాడు. అప్పటి తరిణెకు మోటారేం లేదు, పైన వంగే కొమ్మ, కింద కాలితో తొక్కే పలక, మధ్య తాడు. కాళ్లు పచ్చి కర్రవి, వాటిని కలిపే అడ్డకర్రలు ఎండబెట్టినవి. ఎండిన అడ్డకర్రను పచ్చి కాలు బెజ్జంలోకి కొట్టేస్తే, కాలు ఆరేకొద్దీ ముడుచుకుని దాన్ని పట్టేస్తుంది. మేకూ అక్కర్లేదు, జిగురూ అక్కర్లేదు. సీటుకు తుంగలాంటి గడ్డి పేని అల్లుతారు. ఒక మనిషి, కాసిన్ని పనిముట్లు, దగ్గర్లో చెరువూ చెట్లూ ఉంటే చాలు. ధర తక్కువ, బరువు తక్కువ. ఇల్లాలు ఒక చేత్తో ఎత్తి పొయ్యి దగ్గరికి తెచ్చుకోవచ్చు.

ఇలాంటి కుర్చీ వయసు తేల్చాల్సి వస్తే నేను కాలు మందాన్ని కాలిపర్‌తో రెండు వైపులా కొలుస్తాను. కర్ర అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు కాబట్టి తరిణె మీద గుండ్రంగా తయారైంది ఇప్పుడు కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి, ఒకటి రెండు మిల్లీమీటర్లైనా తేడా రావాలి. ఒకసారి ఒక వ్యాపారి 1600 నాటిదంటూ ఒక చేతుల కుర్చీ తెచ్చాడు, రిపేరుకన్నా నా నోటి వెంట ఆ మాట రావడం ఆయనకు ముఖ్యం. బోర్లించి చూస్తే సీటు పలక అడుగున వంపు తిరిగిన రంపపు గీతలు. గుండ్రటి రంపం బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మెత్తదనం సంగతి. ఓక్ పలక మీద కూర్చోవడం వాళ్లకు మాత్రం హాయిగా ఉందా? లేదు. ఎలిజబెత్ రాణి కొలువులో ఉన్న జాన్ హారింగ్టన్, ఫ్లష్ టాయిలెట్ కనిపెట్టిన ఆయనే, కొలువులో బల్లలు గట్టిగా ఉన్నాయని గొణిగాడు. వెంట్రుకలు కూరిన ఉబ్బు పంట్లాముల ఫ్యాషన్ పోయాక వాటి మీద కూర్చోవడం కష్టంగా ఉందట. అంటే అంతకుముందు కుషన్‌ని మనిషే వేసుకు తిరిగేవాడు! స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు గౌట్ అనే కీళ్ల జబ్బు. ఆయనకు 1595 ప్రాంతంలో వీపూ కాళ్లూ పైకీ కిందికీ వాల్చుకునే కుర్చీ ఉండేదని కొలువులోని జాన్ లెర్మీత్ వేసిన బొమ్మ మిగిలింది. ఇప్పటి రిక్లైనర్ అనుకోండి. అయినా గుర్రపు వెంట్రుకలు కూర్చి, గుడ్డ బిగించి, ఇత్తడి మేకులు కొట్టిన కుర్చీ సామాన్యంగా కనబడేది 17వ శతాబ్దంలోనే. డచ్ వ్యాపారుల ఇళ్లలో ముందుగా. డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మల్లో సింహం తలలున్న ఆ కుర్చీలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి.

ఇంగ్లండులో జోరు పెంచింది పేము. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఆసియా నుంచి పేము వచ్చింది, 1660 తర్వాత సీట్లూ వీపులూ దాంతో అల్లడం మొదలైంది. 1666లో లండన్ తగలబడిపోయాక ఇళ్లన్నిటికీ కొత్త సామాను కావాలి. గుడ్డ కుర్చీల్లోలా దుమ్ము పట్టదు, చిమ్మెట కొట్టదు, తేలిక. పేము వల్ల కుర్చీలకు వేసే ఉన్ని గుడ్డ అమ్ముడుపోక మాకు నష్టమంటూ ఉన్నివాళ్లు పార్లమెంటుకెక్కితే, పేము కుర్చీలవాళ్లు ఎదురు అర్జీ పెట్టుకున్నారు. ఏటా 6,000 డజన్లు చేస్తున్నామనీ, అందులో 2,000 డజన్లకు పైగా ఎగుమతి అవుతున్నాయనీ వాళ్ల లెక్క. సొంత అర్జీలో రాసుకున్న లెక్క కాబట్టి కొంచెం తగ్గించుకునే చదవండి. అయినా చేతుల్లేని కుర్చీలు అర డజను, డజను చొప్పున సెట్లుగా కొనే రోజు వచ్చిందని దీంతో తెలుస్తోంది. అందరికీ ఒకేలాంటి కుర్చీ అనేది అప్పటికి కొత్త.

మన తీరానికి ఇక్కడొక లింకు ఉంది. 17వ శతాబ్దం చివర్లో కోరమాండల్ తీరంలో మనవైపు వడ్రంగులు డచ్చివాళ్ల కోసం, ఇంగ్లిష్ వాళ్ల కోసం నల్లటి ఎబొనీ చెక్కతో, మెలితిప్పిన కాళ్లతో, ఒళ్లంతా చెక్కడంతో కుర్చీలు చేశారు. కొన్ని ఇంగ్లండు చేరాయి. వందేళ్లు తిరక్కుండానే అవెక్కడివో అక్కడ మర్చిపోయారు. హొరేస్ వాల్పోల్ అనే పెద్దమనిషి వాటిని 16వ శతాబ్దం మొదట్లో 8వ హెన్రీ రాజుకు మంత్రిగా ఉన్న కార్డినల్ వూల్జీ కాలపు అసలు సిసలు ఇంగ్లిష్ కుర్చీలనుకుని, ఏరి కొని, స్ట్రాబెరీ హిల్‌లోని తన ఇంట్లో పెట్టుకున్నాడు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు ఏనుగు దంతం పొదిగి చేసిన కుర్చీలు మాత్రం ఊరి పేరుతోనే ప్రసిద్ధి. లండన్ మ్యూజియంలో వాటిని చూస్తూ నిలబడితే గార్డు రెండుసార్లు వచ్చి గీత దాటొద్దన్నాడు.

ఆ తర్వాతి కథ, విండ్సర్ కుర్చీలు, ఫ్రెంచి మెత్తటి కుర్చీలు, 1859లో థోనెట్ ఆవిరితో వంచిన బీచ్ కర్ర కుర్చీ, వేరే అడిగితే రాస్తాను. మీ ప్రశ్నకు తేదీ కావాలంటే: 1500లో బాగా బతికిన రైతు ఇంట్లో కూడా ఒక కుర్చీ ఉంటే ఉన్నట్టు. 1700కి ఇంగ్లండులో, డచ్ దేశంలో ఓ మాదిరి చేతివృత్తివాడి ఇంట్లో కూడా కుర్చీలు మామూలు. తూర్పున, కొండ ప్రాంతాల్లో, ఐర్లండులో ఇంకా చాలా ఆలస్యం.

ఈసారి ఏ మ్యూజియంలోనైనా పాత కుర్చీ కనిపిస్తే చెక్కడం వైపు చూడకండి, ముందు వైపున్న రెండు కాళ్లను కలిపే కింది అడ్డకర్ర చూడండి. నేల చల్లగా, తడిగా ఉండేది కాబట్టి అందరూ దాని మీదే కాళ్లు పెట్టుకునేవాళ్లు. నిజమైన పాత కుర్చీలో ఆ కర్ర పై అంచు మధ్యలో బాగా లోతుకు అరిగి ఉంటుంది, రెండు మడమలకు రెండు గుంటల్లా. పక్కల ఉన్న అడ్డకర్రలు మాత్రం కొత్తవాటిలా ఉంటాయి.